తమ్ముడితో కార్ల బడికి

ఆస్ట్రేలియా వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా చీరాల గ్రంథాలయంలో అందరూ నన్ను కంగారూల గురించే అడుగుతున్నారు. నేను చూసింది ఒక్కటే, అదీ రోడ్డు పక్కన చచ్చిపడి ఉండగా. తెరచాపల్లాంటి కప్పులున్న ఆ పేరుమోసిన కట్టడం సిడ్నీలో ఉంది, నేను సిడ్నీ పోలేదు. మెల్బోర్న్ చుట్టుపక్కల తప్ప ఎక్కడా తిరగలేదు. నేను చెప్పగలిగిందల్లా ఒక కార్ల బడి గురించి, నా తమ్ముడు శ్రీధర్‌తో అక్కడికి చేసిన ప్రయాణం గురించి. వెళ్ళని వాళ్ళకు ఆ మాత్రమైనా తెలుస్తుందని రాస్తున్నాను.

నా చదువు పదో తరగతితో ఆగింది. కొన్నేళ్ళు అంబాసిడర్ టాక్సీ నడిపి, తర్వాత బస్టాండు ఎదురుగా ఎస్టీడీ బూత్ పెట్టుకున్నాను. ఖాళీ దొరికితే గ్రంథాలయంలోనే ఉంటాను. ఖగోళం నుంచి కోళ్ళ పెంపకం దాకా అక్కడి బీరువాల్లో ఉన్నవన్నీ వరసగా చదివాను. నాకు తెలిసిందంతా ఆ బీరువాల్లోదే. ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వమే.

తమ్ముడు ఇంజనీరింగ్ చదివి, అమీర్‌పేటలో కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, మెల్బోర్న్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్లు సరిచేసే పనికి వెళ్ళాడు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో రాశారు కాబట్టి రెండువేల సంవత్సరం రాగానే లెక్కలన్నీ తలకిందులవుతాయని లోకమంతా భయపడిన రోజులవి. ఆ సంవత్సరం ఏ గొడవా లేకుండా వచ్చింది. తమ్ముడి ఇంట్లో కష్టం ఆ తర్వాతే మొదలైంది.

ఒక సాయంత్రం నా బూత్‌కే ఫోను వచ్చింది. మరదలు పద్మజ.

"బావగారూ, ఆయన కళ్ళు బాగా దెబ్బతిన్నాయంట. ఇంక కారు తోలొద్దన్నాడు డాక్టరు. లైసెన్సు తిరిగి ఇచ్చేయమన్నాడు. ఈయన వినట్లేదు, అడిగితే కోప్పడుతున్నారు. మీరొకసారి రండి. మీ మాటైతే వింటారు."

వాడికి చిన్నప్పట్నుంచీ రేచీకటి. మునగాకు, కోడిగుడ్లు తినిపిస్తే పోతుందనుకున్నాం. అది వేరే జబ్బని కంటి వైద్యం మీద ఒక పుస్తకం చదివాకే నాకు తెలిసింది. ముందు రాత్రి చూపు పోతుంది, తర్వాత పక్కచూపు. లాంతరు గాజుకు అంచుల నుంచి మసి పట్టినట్టు చుట్టూతా మూసుకుంటూ వస్తుంది. మధ్యలో మిగిలిన కాస్త జాగాలోంచి మాత్రం చిన్న అక్షరాలు కూడా కనపడతాయి. మందు లేదు. మేనరికపు పెళ్ళిళ్ళలో పుట్టిన పిల్లల్లో కొందరికి వస్తుందని, కొందర్ని వదిలేస్తుందని కూడా అందులో ఉంది. మా అమ్మకు నాన్న సొంత మేనమామ. ఆ జబ్బు నన్ను వదిలేసింది. ఆ పేజీ చదివాక మా ఇంట్లో గోడకున్న అమ్మానాన్నల పెళ్ళి ఫొటో వైపు చాలాకాలం చూడలేకపోయాను.

డాండెనాంగ్

జూలైలో అక్కడ చలికాలమని నాకు తెలుసు. సూర్యుడు ఉత్తరం వైపుగా పోతాడనీ తెలుసు, అదీ చదివిందే. తెలిసి కూడా మొదటిరోజు పొద్దున ఎండను చూసి దిక్కులు లెక్కేసుకుంటూ వీధులు తిరిగి, మళ్ళీ ఇల్లు కనుక్కోలేక ఒక ముసలావిడ గుమ్మం ముందు నిలబడ్డాను. ఆవిడ పాపం నా చెయ్యి పట్టుకుని వీధి చివరి దాకా తీసుకొచ్చి వదిలింది.

డాండెనాంగ్ మెల్బోర్న్ శివార్లలో ఉంది. అన్ని దేశాల వాళ్ళూ ఉన్నారు. కరివేపాకు రెమ్మలు ప్లాస్టిక్ సంచిలో పెట్టి బంగారంలా అమ్ముతారు. వంకాయలు మన మూడు వంకాయలంత, రుచి మాత్రం ఒక్కదాని పాటి కూడా లేదు. ఇళ్ళకు ప్రహరీలు లేవు. కాలింగ్ బెల్లు కొట్టకుండా ఎవరూ ఎవరింటికీ రారు కాబట్టి పగలంతా వీధిలో మనిషి గొంతు వినపడదు.

తమ్ముడి కూతురు హారికకు ఏడేళ్ళు. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో చెబుతుంది. నేను పొద్దున్నే మొక్కజొన్న అటుకుల పెట్టె మీద రాసినవన్నీ చదువుతుంటే ఎదురుగా కూర్చుని చూసింది.

"పెదనాన్నా, వై ఆర్ యూ రీడింగ్ ద బాక్స్?"

"అక్షరాలున్నాయి గదమ్మా."

"బట్ ఇట్స్ ఓన్లీ షుగర్ అండ్ సాల్ట్."

"అది చదివితేనే గదా తెలిసింది."

ఆ ఇంట్లో నేను మొదట గమనించింది వస్తువుల అమరిక. దారిలో కుర్చీ ఉండదు. తలుపులు పూర్తిగా తెరిచి గానీ పూర్తిగా మూసి గానీ ఉంటాయి, సగం తెరిచి ఉండవు. పద్మజ మంచినీళ్ళ గ్లాసు తమ్ముడి పక్కన పెట్టదు, సరిగ్గా ఎదురుగా పెడుతుంది. అది తెలియక నేను వాడి మోచేతి దగ్గర చారు గిన్నె పెట్టాను. అది ఒళ్ళో పడింది. హారిక లేచి వెళ్ళి తువ్వాలు తెచ్చింది, రోజూ చేసే పనిలాగా.

పద్మజ వంటగదిలో నన్ను చూసి కళ్ళతోనే అడిగింది, మాట్లాడారా అని. నేను భోజనాలయ్యాక తమ్ముడి పక్కన కూర్చున్నాను. నేను నోరు తెరవకముందే వాడే మొదలుపెట్టాడు.

"అన్నయ్యా, నువ్వెందుకొచ్చావో నాకు తెలుసు. లైసెన్సు ఇచ్చేస్తాను. ఎట్లీస్ట్ ఈ వీకెండ్ అయ్యేదాకా ఆగు."

"వీకెండులో ఏముంది?"

ఒక జర్మన్ కంపెనీ వాళ్ళ పందెపు కార్లు తోలనిచ్చే చోటు ఉందట. రోడ్డు కాదు, వాళ్ళ సొంత ట్రాక్. పక్కన శిక్షకులు కూర్చుని నేర్పిస్తారు. బ్యాంకు పని పూర్తయినప్పుడు అందరికీ ఇచ్చిన బహుమతి డబ్బుతో వాడు ఒక రోజు కోసం ముందే కట్టేశాడు. ఇష్టమైతే కొనుక్కోవడానికి కాదు, కొనలేడు. ఒక్క రోజు తోలడానికి.

"నీ కళ్ళ సంగతి వాళ్ళకు చెప్పావా?"

"లైసెన్సు ఉంటే చాలన్నారు. లైసెన్సు ఉంది." కుర్చీ నా వైపు జరుపుకున్నాడు. "లాస్ట్ టైమ్ అన్నయ్యా. ఆ తర్వాత నువ్వేం చెబితే అది."

పద్మజకు ఇచ్చిన మాట ఒకవైపు, ఇది ఒకవైపు. సరేనన్నాను. ట్రాక్ సంగతి ఆ రాత్రే పద్మజకు చెప్పాను.

కేరమ్ డౌన్స్

శనివారం పద్మజ గుడికి తీసుకెళ్ళింది. కారు తనే నడిపింది. కేరమ్ డౌన్స్‌లో శివుడికీ విష్ణువుకీ కలిపి ఒకే ఆలయం కట్టారు. చుట్టూ బల్లపరుపు నేల, దాని మధ్య తెల్లటి గోపురాలు. మన దగ్గర శైవులకూ వైష్ణవులకూ ఉన్న తగాదాల చరిత్ర నేను చదివాను. ఊరు దాటి ఇంత దూరం వస్తే అవన్నీ ఎలా సర్దుకుంటాయో అక్కడ చూశాను.

బయట ఎవరిదో కొత్త కారుకు పూజ జరుగుతోంది. బానెట్ మీద పసుపుతో ఓంకారం, టైర్ల కింద నిమ్మకాయలు. కారు ముందుకు కదలగానే అవి చిట్లాయి. తమ్ముడు ఆ కారు వైపు చాలాసేపు చూశాడు. వాడు దేన్నైనా చూడాలంటే మెడ పూర్తిగా అటు తిప్పాలి. తెలియనివాళ్ళు ఆ చూపును గర్వం అనుకుంటారు.

లోపల భోజనశాలలో పులిహోర వడ్డిస్తున్న పెద్దాయన్ని అందరూ అంకుల్ అంటున్నారు. నేను తెలుగులో ఇంకొంచెం అడిగేసరికి గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"ఆంధ్రా నుంచి వచ్చినారా? మాది ఫిజీ. మా ఆజా తెలుగోడే."

ఆజా అంటే తాత అట. చెరకు తోటల్లో పనికి ఓడెక్కి పోయాడు. అక్కడ ప్రభుత్వం తారుమారైనప్పుడు వీళ్ళు ఫిజీ వదిలి మెల్బోర్న్ చేరారు.

"ఏ ఊరండి మీ తాతగారిది?"

"విశాకపట్నం వైపు. ఊరి పేరు మాకు తెలీదు. ఓడ పేరే తెలుసు."

నేను విశాఖ జిల్లా చరిత్ర చదివినవాణ్ణి కదా, అక్కడి ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాను, ఏదైనా తగులుతుందేమోనని. ఆయన అన్నిటికీ తల అడ్డంగా ఊపుతూ శ్రద్ధగా విన్నాడు. చివరికి అన్నాడు:

"ఇంట్లో మా ఆవిడతో మాట్లాడేవాన్ని ఈ బాస. ఆమె పోయింది. పిల్లలకు రాదు. ఇప్పుడు లోపల స్వామితో మాట్లాడతా. ఆయన బదులు చెప్పడు, తప్పులు కూడా పట్టడు."

మా ఆకుల్లో రెండోసారి పులిహోర వేశాడు. వద్దన్నా వినలేదు.

దారి

ఆదివారం పొద్దున మంచు విడిచాక బయల్దేరాం. తనే నడుపుతానన్నాడు తమ్ముడు. పద్మజ గుమ్మంలో నిలబడి నన్నే చూసింది, వాణ్ణి కాదు. ట్రాక్‌లో సరే, రోడ్డు మీద కూడానా అని ఆ చూపుకు అర్థం. నేను ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను.

వాడికి కారు నేర్పింది నేనే, చీరాల పక్కన సముద్రం ఒడ్డునున్న వాడరేవు ఇసుక రోడ్డు మీద, నా టాక్సీలోనే. అప్పట్లో వాడు కుడి ఎడమలు చూడకుండా నేరుగా పోయేవాడు. మొండితనం అనుకుని తల మీద మొట్టికాయలు వేసేవాణ్ణి.

ఆస్ట్రేలియా అంటే ఎర్రటి ఎడారి అని బొమ్మల్లో చూశాను. మెల్బోర్న్‌కు ఆగ్నేయంగా పోతే అంతా పచ్చటి గడ్డి కొండలే, నల్లటి ఆవులు, తీగ కంచెలు. మనుషులు లేరు. మన దగ్గర ఇంత గడ్డి ఉంటే ఒక్క కంచె మిగలదు. ప్రతి కూడలిలోనూ నేను ముందే "ఎడమ నుంచి కారు," "కుడివైపు ఎవరూ లేరు" అంటూ వచ్చాను. వాడు మొదట చిరాకుపడ్డాడు. తర్వాత ఊరుకున్నాడు. ఆ తర్వాత కూడలి రాగానే నా మాట కోసం ఆగడం మొదలుపెట్టాడు. అది గమనించినప్పుడు వాడి చిరాకుకంటే ఆ ఆగడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

దారిలో ఒక చిన్న ఊళ్ళో కాఫీ తాగాం. కప్పు మూడు డాలర్లు, మన డబ్బుల్లో డెబ్భై అయిదుకు పైమాటే. అందులో కాఫీ అడుగున ఉంది, పైన నురగే. కొట్టు అమ్మాయి మధ్యాహ్నం వాన పడుతుందని చెబుతూ ఆఫ్టర్‌నూన్ అనే మాటను ఆర్వో అంది. అన్నిటినీ సగానికి కత్తిరించి మాట్లాడే దేశం, కాఫీ కూడా సగమే ఇస్తుందని తమ్ముడు నవ్వాడు. ఆ రోజు వాడు మనసారా నవ్వింది అప్పుడే.

కార్ల బడి

గేటు దాటగానే పెద్ద గాజు గది, దాని ముందు వరసగా నిలిపిన కార్లు. పేరు చెప్పకపోయినా మీరు బొమ్మల్లో చూసి ఉంటారు, కప్పలాంటి కళ్ళతో, నేలకు ఆనుకుని కూర్చున్నట్టు ఉంటాయి. ఇంజను వెనక ఉంటుంది. తాళం తలుపు వైపు పెడతారు, వాళ్ళ దేశంలో ఎడమవైపు, ఇక్కడ కుడివైపు. పూర్వం పందేల్లో డ్రైవరు ఎడమ చేత్తో తాళం తిప్పుతూ కుడి చేత్తో గేరు వేయడానికట. ఇది నేను మునుపే ఒక పాత పత్రికలో చదివాను. అక్కడి శిక్షకురాలికి చెప్తే సంతోషపడింది.

ఆమె పేరు షరన్. యాభై దాటి ఉంటాయి. మట్టిరోడ్ల పందేల్లో తోలిందట. నడుం మీద చెయ్యి వేసుకుని మగవాళ్ళందరికీ బ్రేకు ఎలా తొక్కాలో నేర్పుతుంటే వాళ్ళు బడిపిల్లల్లా వింటున్నారు.

"కారు మీ చేతులు పోయిన చోటికి పోదు, మీ చూపు పోయిన చోటికి పోతుంది. గోడను చూస్తే గోడకే పోతారు. వెళ్ళాల్సిన చోటు చూడండి."

తమ్ముడు ఆ మాట విని నా వైపు మెడ తిప్పి చూశాడు. ఎదురుగా ఉన్నదాన్నే చూడమంటే వాడికంటే బాగా చూడగలిగినవాడు అక్కడ లేడు.

నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళలో మనవాడు ఇంకొకడు ఉన్నాడు. నా మొహం చూసి ఆయనే దగ్గరకొచ్చాడు. ఖలీల్ భాయ్. కర్నూలు నుంచి వచ్చి మెల్బోర్న్‌లో టైర్ల దుకాణం పెట్టుకున్నాడు. ఎక్కువ టైర్లు అమ్మినందుకు టైర్ల కంపెనీ వాళ్ళు ఈ రోజును బహుమానంగా ఇచ్చారట.

"చీరాలనా? మా అమ్మ చీరలన్నీ మీ ఊరివేనప్పా. తోలేది మీరా, మీ తమ్ముడా?"

"వాడే. నేను చూడ్డానికొచ్చా."

"మంచి పని చేసినారు. చూసేదానికి దుడ్లు కట్టే పని లేదు." తమ్ముడి భుజం తట్టాడు. "ఆర్వోలో పెద్ద ట్రాక్ మీద నా వెనకాల నువ్వేనంట. మెల్లగ తోలప్పా. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలుండారు నాకు."

నవ్వుతూనే అన్నాడు. తమ్ముడూ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

పొద్దుటి పాఠాలు విశాలమైన ఖాళీ స్థలంలో. ఒకసారికి ఒకే కారు. వేగంగా వచ్చి గీత దగ్గర ఆపడం, నీళ్ళు చల్లిన నేల మీద జారుతున్న కారును అదుపు చేసుకోవడం. తమ్ముడు కారెక్కగానే స్టీరింగును రెండు చేతులతో తాకి కళ్ళకద్దుకున్నాడు. నేను నేర్పిన అలవాటే. టాక్సీ తోలినన్నాళ్ళూ నేనలా చేయకుండా బండి తీసింది లేదు.

తర్వాత వాడు తోలిన తీరు చెప్పడానికి నాకు మాటలు చాలవు. వాడు బ్యాంకు కంప్యూటర్ల ముందు కూర్చుని మెడ వంచుకుని బతికినవాడు. ఆ కారులో వెన్ను నిటారుగా పెట్టి, దాన్ని గీత మీద గోరంత తేడా లేకుండా ఆపాడు. షరన్ రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టింది.

చివర్లో నారింజ రంగు ప్లాస్టిక్ గూటాలు వరసగా పెట్టి వాటి మధ్య పాములా తోలమన్నారు. మొదటి రెండూ బాగానే దాటాడు. తర్వాత పక్కనున్నవి ఒకటొకటిగా పడిపోయాయి. వాడు ఆగలేదు, తిరిగి చూడలేదు. అన్నీ దాటేశాననుకుని నవ్వుతూ దిగాడు.

"పర్లేదు, మొదటిసారి అందరూ పడగొడతారు," అంది షరన్.

తమ్ముడు నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగాడు. "ఏమన్నా పడ్డాయా?"

"రెండు మూడు," అన్నాను. అయిదు పడ్డాయి.

భోజనం వేళ

భోజనానికి రొట్టెల మధ్య మాంసం ముక్కలు, ఆకుకూరలు పచ్చివే. ఖలీల్ భాయ్ మాంసం ముట్టకుండా వాళ్ళావిడ కట్టిచ్చిన పరోటాలు తీశాడు. మాకు కూడా పెట్టి, తన కూతుళ్ళ ఫొటో పర్సులోంచి తీసి చూపించాడు. పెద్దది యూనీలో, అంటే యూనివర్సిటీలో, చేరిందట. తమ్ముడు ఫొటోను మొహానికి ఎదురుగా పట్టుకుని ఒక్కో అమ్మాయినీ విడివిడిగా చూశాడు.

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే అన్నాను.

"చెప్పేద్దాంరా."

"ఒక్క గంట అన్నయ్యా."

"పొద్దున ఒక్కడివే ఉన్నావు. ఇప్పుడు మూడు కార్లు ఒకేసారి పోతాయంట. ఆయన పక్కకొస్తే నీకు తెలుస్తుందా?"

"ముందే కదా పోయేది ఆయన. నాకు ముందు కనపడుతుంది."

"ముందు పోయేవాడు జారితే పక్కకే వస్తాడు."

వాడు పరోటాను చిన్న చిన్న ముక్కలుగా తుంచుతూ కూర్చున్నాడు. నేను లేచి షరన్ దగ్గరకు పోవచ్చు. రెండు మాటల్లో తేలిపోయేది. కానీ పొద్దున గీత మీద కారు ఆపినప్పటి వాడి మొహం నా కళ్ళ ముందే ఉంది. లేవలేకపోయాను. ఖలీల్ భాయ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "పదండప్పా, ఒక చూపు చూద్దాం ఆ ట్రాక్‌ను," అన్నాడు.

పెద్ద ట్రాక్

కొండ వాలులో తారు పట్టీ మెలికలు తిరుగుతూ పోతోంది. కొండ అంచున సముద్రం కనపడుతోంది, గాలిలో ఉప్పు వాసన. మూడు కార్లు ఒకదాని వెనక ఒకటి. ప్రతి కారులోనూ పక్కన ఒక శిక్షకుడు. ముందు కారులో ఖలీల్ భాయ్, రెండో దాంట్లో తమ్ముడు, షరన్. బయల్దేరేముందు ఫొటోలు తీసుకోవచ్చంటే నేను తమ్ముడి కెమెరా పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను.

వాడు హెల్మెట్ పెట్టుకోకముందు మళ్ళీ స్టీరింగును తాకి కళ్ళకద్దుకున్నాడు. షరన్ అది చూసింది.

"కళ్ళలో ఏమైనా పడిందా? పొద్దుట్నుంచీ చూస్తున్నాను. కారెక్కిన ప్రతిసారీ కళ్ళు ముట్టుకుంటున్నావు. కళ్ళు బాగానే ఉన్నాయా?"

నాకు ఇలాంటివి వివరించడం ఇష్టం. పనిముట్టుకు దండం పెట్టుకోవడం మా ఆచారం మేడమ్, కంసాలి సుత్తిని, రైతు నాగలిని ఇలాగే కళ్ళకద్దుకుంటారు అని ఇంగ్లీషులో వాక్యం కూడా సిద్ధం చేసుకుని కిటికీలోకి వంగాను. అది నిజమే కూడా. ఆ ఒక్క వాక్యంతో అంతా సర్దుకుపోయేది, కార్లు కదిలేవి.

తమ్ముడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అది మా నమస్కారం," అన్నాడు ఆమెతో. "కానీ నువ్వు అడిగింది కళ్ళ గురించి. కళ్ళు బాగా లేవు."

తర్వాత వాడు చేసింది ఇది. రెండు చేతులూ బార్లా చాచి, చూపుడు వేళ్ళు కదిలిస్తూ మెల్లగా దగ్గరకు తెచ్చుకుంటూ వచ్చాడు. భుజాలు దాటాయి. చెవులు దాటాయి. బుగ్గల ముందుకు వచ్చాక, ఇంచుమించు ముక్కుకు ఎదురుగా, ఆగాడు.

"ఇక్కడికొస్తే కనపడతాయి," అన్నాడు.

షరన్ చేయి చాపి, తలుపు వైపున్న తాళాన్ని తిప్పి ఇంజను ఆపింది. ముందు కారులోంచి ఖలీల్ భాయ్ కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. ఆమె ఆయన్ని వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపింది. ముందు కారు, వెనక కారు వెళ్ళిపోయాయి.

"నిన్ను తోలనివ్వలేను. తెలుసు కదా?"

"తెలుసు."

"నేను తోలతాను. పక్కన కూర్చుంటావా?"

వాడు బెల్టు విప్పుకున్నాడు. దిగి, కారు ముందు భాగాన్ని చేత్తో తడుముతూ అటువైపు నడిచాడు. వెలుగులో అలా తడుముకుంటూ నడవడం నేను మొదటిసారి చూశాను. అప్పటిదాకా దాచుకుని నడిచాడని అప్పుడర్థమైంది.

కారు చప్పుడు కొండకు అవతల పోయి, ఇవతలకొచ్చి, మళ్ళీ పోయింది. నేను కెమెరా పట్టుకుని అలాగే ఉన్నాను. ఫొటో తీయలేదు.

తిరిగొచ్చాక ఖలీల్ భాయ్ హెల్మెట్ చంకలో పెట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"ఏం అబ్బీ, పెద్ద ట్రాక్ చూసి జడుసుకున్నావా? ఆడమనిషికి ఇచ్చేస్తివే స్టీరింగు."

నేను చెప్పబోయాను. తమ్ముడే అన్నాడు.

"అవును భాయ్, జడుసుకున్నాను."

"పోనీలే. మల్లొకసారి వద్దాం ఇద్దరమూ," అని వాడి వీపు చరిచి పోయాడు ఆ మంచిమనిషి. షరన్ గేటు దాకా వచ్చింది. తమ్ముడికి ఎదురుగా, సరిగ్గా ఎదురుగా నిలబడి చెయ్యి చాపింది.

తిరుగు దారి

కారు దగ్గరకు రాగానే తమ్ముడు జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టాడు. లైసెన్సు ఇవ్వడానికి ఇంకా గడువుంది. ఆ మాట నేననలేదు.

"ఇంట్లో ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదన్నయ్యా," అన్నాడు బెల్టు పెట్టుకుంటూ. "అమ్మ 'రాత్రిపూట వీడికి సరిగా కనపడదు' అనేది. పద్మజ గ్లాసులు జరుపుతుంది. నువ్వు కూడలి రాగానే చెప్తావు. కళ్ళు బాగున్నాయా అని అడిగింది ఆమె ఒక్కతే. అడిగినప్పుడు అబద్ధం చెప్పడం చేతకాలేదు."

నిజమే. నేను పుస్తకం చదివాను, వాణ్ణి అడగలేదు.

బండి నడపడం మన దగ్గరలాగే ఎడమవైపు, కష్టం కాలేదు. అలవాటు కొద్దీ ఒక ముసలాయన కారును దాటబోతూ హారన్ కొట్టాను. ఆయన కంగారుపడి కారు పక్కకు తీసి ఆపేశాడు, తన బండికి ఏమైనా అయిందేమోనని దిగి చుట్టూ చూసుకున్నాడు. తమ్ముడికి చెబితే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

కొంతదూరం పోయాక అడిగాడు. "నన్ను తిప్పేటప్పుడు షరన్ చెప్పింది, రెండో మలుపులో కుడి పక్కన సముద్రం కనపడుతుందని. పొద్దుట్నుంచీ వాసన వస్తానే ఉంది. ఎంత దూరంలో ఉందన్నయ్యా?"

"చాలా దగ్గర. కొండ అంచునే."

"నీలంగా ఉందా?"

"కాదు. బూడిద రంగు. వానకు ముందు వాడరేవులో ఉంటుంది చూడు, అట్లా."

వాడు తల ఊపాడు. వాన నిజంగానే మొదలైంది. వైపర్లు వేసి, ఎదురుగా ఒక పాల లారీ పోతోందని, ముందు వంతెన వస్తోందని చెప్పుకుంటూ పోతున్నాను.

"ఎదురుగా ఉన్నది చెప్పకన్నయ్యా," అన్నాడు. "అది ఇంకా నాకు కనపడుతూనే ఉంది. పక్కల చెప్పు."

నేను వేగం తగ్గించాను. ఎడమవైపు తీగ కంచె అన్నాను. కంచెకు అవతల గడ్డి, అందులో ఆవులు. అన్నీ వానకు వీపు తిప్పి ఒకే వైపు నిలబడి ఉన్నాయి. ఒక ఇంటి గేటు దగ్గర ఉత్తరాల డబ్బా, పాత పాలక్యానుతో చేసింది. కుడివైపు ఒక చెట్టు, బెరడంతా ఊడి తెల్లగా ఉంది. దాని కింద ఒక గుర్రం, ఒంటి మీద గొంగళి కప్పారు.

"ఏ రంగు?"

"గుర్రమా, గొంగళా?"

"రెండూ."

చెప్పాను. అక్కడ చలికాలం తొందరగా పొద్దుపోతుంది. చీకటి పడ్డాక కారు దీపాల వెలుగు ముందు మాత్రమే పడుతోంది. పక్కల నాక్కూడా ఏమీ కనపడలేదు. వాడు అడగడం ఆపలేదు. నేను చెప్పడం ఆపలేదు.